ఫొటో కోసం ముస్తాబైన పత్తి చేను

నేను కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ చేస్తున్నాను. పత్తి ఆకు ఫొటో చూపిస్తే అది ఏ తెగులో చెప్పే ప్రోగ్రామ్ నా పని. దానికి నేర్పాలంటే తెగులు పట్టిన ఆకుల ఫొటోలు బోలెడు కావాలి. వచ్చే వారం రివ్యూ. ఉన్న ఫొటోలు చాలవని మా గైడ్ గారు ముందే తేల్చేశారు. పెనుగొలనులో మా బాబాయ్ పత్తి చేనుకి మచ్చ తెగులు వచ్చిందని తెలిసి, వస్తున్నానని ఫోన్ చేసి, ఈ రోజు పొద్దున్నే తిరువూరు నుంచి బండి మీద వెళ్ళాను.

చేను పచ్చగా కళకళలాడుతోంది. వెతికినా ఒక్క మచ్చ లేదు. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"మచ్చలాకులు ఏవి బాబాయ్?"

"నిన్ననే కూలీల్ని పెట్టి ఏరించేశానమ్మా. ఫొటోలు యూనివర్సిటీకి వెళ్తాయన్నావుగా. పెద్ద సార్లు చూస్తారు, మన చేను అలా కనబడితే ఏం బాగుంటుంది?"

ఏరిన ఆకులేవని అడిగితే తగలబెట్టేశామన్నాడు.

"పోనీ, పక్క చేలో తీసుకుంటాలే."

"వాళ్ళూ ఏరేశారు. నువ్వు అటు కూడా వస్తావేమోనని నేనే చెప్పాను."

ఇక చేసేదేం లేక, చేను ముందు నిలబెట్టి బాబాయ్‌కే ఒక ఫొటో తీసి వచ్చేశాను. చాలా బాగా వచ్చింది. గైడ్ గారికి ఏం చూపించాలో ఇంకా తెలియదు.

మీ వైపు తెగులు పట్టిన పత్తి చేను ఏదైనా ఉంటే కామెంట్లో చెప్పండి. నేను వస్తున్నానని మాత్రం ఆ రైతుకి చెప్పకండి.