దరోగా కోసం పచ్చిగా అలికిన ఇల్లు

మా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యికి సెలవన్నదే ఉండేది కాదు... సూర్యాపేటలో బస్సులు ఆగే చోటికి దగ్గర్లో మాది చిన్న పూటకూళ్ల ఇల్లు. నాయన పోయాక అమ్మ పెట్టింది. కోదాడ బస్సు దిగినవాళ్లు, పాలకీడు నుంచి వడ్ల బండ్లు తోలుకొచ్చేవాళ్లు మా అరుగు మీద కూర్చుని తినేవాళ్లు. జొన్నరొట్టె, అన్నం, పప్పు, పచ్చిపులుసు... వాళ్లకు పెట్టగా మిగిలిందే మా తిండి. వాళ్లు రాకపోతే మాకూ పస్తే.

నిజాం రోజుల చివరి మాట ఇది. టైపు చేస్తున్న నా మనవరాలు "అప్పుడు కూడా హోటళ్లకి పర్మిషన్లా?" అని నవ్వుతోంది. ఉండేవే తల్లీ, ముందు టైపు చెయ్యి.

ఆ ఏడు చుట్టుపక్కల పల్లెల్లో గత్తర వచ్చింది. కలరాను మేము గత్తర అనేవాళ్లం. ఆ పేరు వింటేనే జనం తలుపులు వేసుకునేవాళ్లు. బావుల్లో ఎర్రమందు కలిపారు. అన్నం అమ్మే ఇళ్లన్నీ సఫాయి దరోగా చూసి సరేనంటేనే నడవాలని హుకుం వచ్చింది. దరోగా అంటే పోలీసు కాదు, ఊరి శుభ్రం చూసే అధికారి. ఆయన దగ్గర చప్రాసీగా ఉండే మల్లయ్య మా ఇంట్లోనే తినేవాడు. ముందురోజే వచ్చి అమ్మ చెవిన వేశాడు.

"అక్కా, రేపు పొద్దుగాల సాబ్ వస్తడు. ఇల్లు జర సాఫ్‌గ ఉంచుకో."

జర సాఫ్‌గానట! మా అమ్మతో అనాల్సిన మాటేనా అది... నా గోళ్లు చూడకుండా నాకు కంచం పెట్టేది కాదు ఆమె. పొద్దున్నే గిన్నెలన్నీ బూడిదతో తోమింది. పాత కుండలు తీసేసి కొత్తవి పెట్టింది. తర్వాత పక్కింటివాళ్లని అడిగి ఆవుపేడ తెచ్చి వంటిల్లు, అరుగు, వాకిలి అన్నీ చిక్కగా అలికింది. మామూలుగా అయితే ముందునాడే అలికి ఆరనిచ్చేది. ఆ రోజు మాత్రం కావాలనే ఆలస్యం చేసింది. పెద్దమనిషి వచ్చేసరికి పచ్చిగా ఉండాలట... తన కోసమే అలికారని ఆయనకు తెలియాలట! పైన ముగ్గు కూడా పెట్టింది. నేను అడుగు వేయబోతే కసిరింది. ఆ ఇల్లు అంత అందంగా నాకు మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

దరోగా వచ్చాడు. పట్నం మనిషి, కుర్రాడే. గడప దగ్గరే ఆగిపోయాడు. అప్పటికే ఎండెక్కింది... పచ్చి అలుకు మీద ఈగలు ముసిరాయి. ఆయన రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"యే క్యా హై మల్లయ్యా? గోబర్?"

పేడ సంగతి అడుగుతున్నాడని అమ్మకు అర్థమైంది. గర్వంగా తనే జవాబు చెప్పింది.

"ఔ సారూ, ఇప్పుడే అలికిన. మీరొస్తరనే పచ్చిగ అలికిన. కాలు పెట్టి సూడుండ్రి, సల్లగుంటది."

ఆ మాటలు మల్లయ్య ఉర్దూలో చెప్పాడు. దరోగా కళ్లు మూసుకుని ఏదో చాలాసేపు మాట్లాడాడు. మల్లయ్య నేల చూస్తూ అది మాకు చెప్పాడు.

"అక్కా... సాబ్ పల్లెల్ల పీనుగులను సూసి వస్తున్నడు. ఈగలతోనే గత్తర వస్తదంట. పేడ కాడ బువ్వ అమ్మొద్దంటున్నడు. నేలంత బండలు పరిపిస్తెనే బువ్వ అమ్మనీకి ఇజాజత్ ఇస్తడంట. అప్పటిదాంక పొయ్యి ఆర్పమంటున్నడు."

"పేడతోని అలకకుంటె ఇంకేంతోని అలకాలె తమ్మీ? గిది సాఫ్ గాకపోతే ఇంకేది సాఫు?"

ఈ మాట మాత్రం మల్లయ్య దరోగాకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం! మాది కిరాయి ఇల్లు. బండలు పరిపించడం మా తరమయ్యే పనేనా...

మల్లయ్య చెంబుతో నీళ్లు తీసుకుని పొయ్యి దాకా వెళ్లి నిలబడిపోయాడు. "నాతోని గాదక్కా. నీ చేతి బువ్వ తిన్న." అమ్మ చెంబు అందుకుని తనే పోసింది. పొయ్యి మీద అన్నం సగమే ఉడికి ఉంది.

మధ్యాహ్నం ఎప్పుడూ వచ్చే వడ్ల బండి ముసలాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "లచ్చమ్మా, ఇంత బువ్వ పెట్టు బిడ్డా." అమ్మ గడప దాటలేదు. "పెట్టనీకి లేదు పెద్దయ్యా, వద్దన్నరు" అంది. ఆయన తన మూట విప్పి అటుకులు నా దోసిట్లో పోశాడు. మా ఇంటికి తినడానికి వచ్చిన మనిషే నాకు పెట్టాడు... ఆకలి మీద గబగబా తిన్నాను. అమ్మ అటు తిరిగి నిలబడింది.

మర్నాడు లేచి చూస్తే అమ్మ మళ్లీ అలుకుతోంది. ముందటి రోజు కన్నా చిక్కగా...

"నిన్న ఏడనో పల్సగైనట్టుంది. సాబ్ మల్ల వస్తె సూస్తడు" అంది.

ఆ తర్వాత కూడా రోజూ అలుకుతూనే ఉంది. ఆయన మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు రాజ్యమే మారింది, అధికార్లు మారారు. మా పొయ్యి సంగతి ఎవరిని అడగాలో ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి మిర్యాలగూడ వెళ్లిపోయాం. అక్కడ బండలు పరిచిన ఒక పూటకూళ్ల ఇంట్లో అమ్మ అంట్లు తోమింది, ఆ బండలు కడిగింది. "ఎంత కడిగినా కడిగినట్టే ఉండది" అనేది.

దరోగా చెప్పింది తప్పు కాదని పెద్దయ్యాక నాకూ తెలిసింది. అయినా ఈ రోజుకీ మనసు ఒప్పుకోదు, ఏం చేయను...

ఇప్పుడు హైవే మీద ఏ హోటల్‌కి వెళ్లినా అద్దాల్లా మెరిసే టైల్సు, గోడకు ఫ్రేము కట్టిన లైసెన్సు. నేను మాత్రం ముందు నేల చూస్తాను. కర్రతో తుడుస్తారు, వంగి చేత్తో తాకేవాళ్లు కనపడరు. మీ ఇంట్లో ఆఖరిసారి నేల అలికిన చేతులు ఎవరివో గుర్తుంటే కింద రాయండి... మా అమ్మ చేతులు ఎంత కడుక్కున్నా పేడ వాసన వచ్చేవి. ఆ చేతులతో కలిపి పెట్టిన ముద్దలు తినే నేను ఎనభై దాటాను.