మా తొమ్మిదో తరగతంతా అమ్మ గంప ముందు ఆగిన రోజు

మా చిన్నప్పుడు... తుక్కుగూడ బడిలో మెడలో కార్డు వేలాడేసుకునే ఉద్యోగమే ఉద్యోగం. విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజులవి. ఎవరి బాపుకి అక్కడ పని దొరికితే ఆ పిల్లకి ముందు బెంచీ, అందరి టిఫిన్ డబ్బాల్లో వాటా...

నేనూ ఊరుకోలేదు. ఆరో తరగతిలో ఒకరోజు నా పక్కన కూర్చునే లావణ్యతో కోతలు కోసేశాను. "మా అమ్మ గూడ ఎయిర్‌పోర్టుల చేస్తది. సంచులు సూస్తది" అని. అది నోరెళ్లబెట్టి విన్నది. మధ్యాహ్నానికల్లా క్లాసంతటికీ తెలిసిపోయింది.

అసలు సంగతేమిటంటే... దసరా దాటగానే మా అమ్మ శ్రీశైలం రోడ్డు పక్కన గంప దించుకుని సీతాఫలాలు అమ్మేది. ఆ కాలం పోతే జామకాయలు, మక్క కంకులు. నా అబద్ధాన్ని మాత్రం నేను మూడేళ్లు కంటికి రెప్పలా కాపాడుకున్నాను.

తొమ్మిదో తరగతిలో, సరిగ్గా సీతాఫలాల రోజుల్లో, సిటీ నుంచి స్వప్న మేడమ్ వచ్చారు. ఏదో కంపెనీలో మార్కెటింగ్ చేస్తారట. ముందుముందు ఏయే ఉద్యోగాలు చేయవచ్చో పిల్లలకు చెప్పమని మా పెద్దసారు పిలిపించారు. మాకు పోలీసు, టీచరు, డాక్టరు, ఎయిర్‌పోర్టు... అంతవరకే తెలుసు.

ఆవిడ సంచిలోంచి ఒక సబ్బు తీశారు. దీనికి ఈ రంగే ఎందుకు? ఈ వాసన ఎవరు ఎంచారు? చిన్న కిరాణా కొట్టులో చిన్న సబ్బే ఎక్కువ పోతుందని కంపెనీకి ఎవరు చెప్పారు? ఒక్కొక్కటీ అడుగుతూ పోయారు. జనానికి ఏం కావాలో కనుక్కోవడం కూడా ఒక ఉద్యోగమా... దానికి జీతం ఇస్తారా! రోజూ ఒళ్లు రుద్దుకునే సబ్బును నేను మొదటిసారి కళ్లప్పగించి చూశాను.

"సొంతంగా వ్యాపారం చేసుకునేవాళ్లకూ ఇదే విద్య కావాలి. పదండి, రోడ్డు మీదికెళ్లి చూద్దాం" అన్నారు మేడమ్.

మా అమ్మ కూర్చునేది ఆ రోడ్డు పక్కనే.

రెండు వరుసల్లో నడిచాం. ఈ ఒక్క రోజు అమ్మకు జ్వరం వచ్చి ఇంట్లో ఉంటే బాగుండని దారంతా మొక్కుకున్నాను. ఇప్పుడు ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది... కానీ మొక్కుకున్నది నిజం.

మేడమ్ నేరుగా వెళ్లి అమ్మ గంప ముందే ఆగారు. అమ్మ నన్ను చూసి నవ్వబోయింది. నేను తల అడ్డంగా ఊపాను, కొంచెమే. అమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. తల వంచుకుని కాయల మీద ఆకులు సర్దుకోసాగింది.

అంతలో ఒక కారు వచ్చి ఆగింది. దిగినాయన, కళ్లు విచ్చుకుని బాగా మాగిన పండ్లన్నీ కట్టమన్నాడు. అమ్మ కారు వెనక సీటు వైపు ఓసారి చూసింది.

"ఎప్పుడు తింటరు సారూ?"

"ఊరికి తీసుకెళ్లాలమ్మా. ఫ్లైటుకి టైమైపోతోంది."

"అయితే ఇవి ఇయ్య. సంచిలనే పగిలి బట్టలన్ని ఖరాబైతయ్. గా గట్టియి తీస్కపోండ్రి, ఎల్లుండికి మెత్తగైతయ్. జర కాయితంల సుట్టి పెట్టుండ్రి."

ఆయన వాదించాడు. అమ్మ మాగిన పండ్ల మీద ఆకు కప్పేసింది. చివరికి గట్టి కాయలే తీసుకుని వెళ్లాడు.

మేడమ్ గంప పక్కన నేల మీదే కూర్చున్నారు. "కారులోకి చూశారు కదమ్మా... ఏం చూశారు?"

"సంచులు సూస్త మేడమ్. ఇమానం దిగొచ్చినోళ్ల సంచికి కాయితం పట్టీ ఉంటది. ఆళ్లు ఇంటికి వొయ్యి ఇయ్యాలనే తింటరు. పట్టీ లేకుంటే అడుగుత. గందుకే మూడు కుప్పలు పెడ్త... ఇయ్యాలటియి, రేపటియి, ఎల్లుండియి."

రోజూ పొద్దున ఆ మూడు కుప్పలు చేసేటప్పుడు నేను అక్కడే జడ వేసుకుంటూ ఉండేదాన్ని. ఎందుకలా అని ఒక్కనాడూ అడగలేదు. మేడమ్ పుస్తకం తెరిచి అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకోసాగారు. సబ్బు కంపెనీ మేడమ్... మా అమ్మ దగ్గర పాఠం రాసుకుంటున్నారు!

"రెండేళ్లు ఫీజు కట్టి నేర్చుకున్నాను నేనిది" అన్నారు మేడమ్ మా వైపు తిరిగి. మళ్లీ అమ్మను అడిగారు... "మీకు పిల్లలున్నారా అమ్మా?"

అమ్మ నా వైపు చూడలేదు. "ఒక్క బిడ్డ మేడమ్. సదువుకుంటది" అంది.

ఇగ నావల్ల కాలేదు. వరుసలోంచి బయటికొచ్చాను. "నేనే మేడమ్. ఈమె మా అమ్మ."

లావణ్య అమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, "సంచులు సూస్తదంటే గిట్లనానే!" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మకు ఏమీ అర్థం కాలేదు, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులో నా ఏడుపు ఎవరికీ కనపడలేదు.

ఇంటికొచ్చాక అమ్మ నా పుస్తకాల సంచి దించుతూ మెల్లగా అంది... "నువ్వు జెప్పకున్నా నేనేం అనుకోకపోదును బిడ్డా."

తిట్టినా బాగుండేది.

నేనిప్పుడు స్వప్న మేడమ్ చేసిన పనే చేస్తున్నాను. మెడలో కార్డు కూడా ఉంది. అమ్మ కూర్చున్న చోట ఇనుప కంచె వేశారు, కార్లు ఆగడానికి లేదు. సీతాఫలాలు ఫోనులో నొక్కితే అట్టపెట్టెలో ఇంటికొస్తున్నాయి. ఎప్పుడు తింటావని ఎవరూ అడగరు...

బడిలో ‘వీళ్లు మావాళ్లు’ అని చెప్పుకోవడానికి మీరూ ఎప్పుడైనా జంకి ఉంటారు. వాళ్ల పేరు, వాళ్లు చేసిన పని ఈ కింద రాయండి. ముందు నేనే రాస్తాను.

మా అమ్మ యాదమ్మ. సీతాఫలాలు అమ్మేది.