చార్టు మీద బిడ్డ

షాపుల బోర్డులు రాసే ఆ పెయింటర్‌ని వీధిలో అందరూ ‘ఇదిగో బాబాయి’ అనేవారు. ప్రభువు రెండో రాకడ గురించి ఎవరు కదిపినా ఆయన “ఇదిగో, వచ్చేస్తున్నాడు” అనే మొదలుపెట్టేవాడు. బోర్డులతో ఇల్లు గడిచేది గానీ ఆయన ప్రాణమంతా చార్టుల మీదే. ప్రవచనాలు బోధించేవాళ్ళు గోడకు తగిలించి, కర్రతో చూపిస్తూ చెప్పే పొడవాటి గుడ్డ చార్టులవి. ఒక కొసన సృష్టి, మరో కొసన ప్రభువు వచ్చి ఏలే వెయ్యేళ్ళ పాలన, మధ్యలో చిగురేసిన అంజూరపు చెట్టు. ఆ చెట్టంటే ఇశ్రాయేలు. చెదిరిపోయిన జనానికి మళ్ళీ దేశం దొరికింది కాబట్టి, అది చూసిన తరం గతించకముందే అంతా ముగుస్తుందని ఆయన గురువు చెప్పాడు. ఈయన తు.చ. తప్పకుండా నమ్మాడు.

నమ్మి ఊరుకున్నా బాగుండేది. పెళ్ళైన కొత్తలో భార్యను కూర్చోబెట్టి, ఆ రోజుల్లో గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ శ్రమ అని సువార్తలో ఉన్న మాట చదివి వినిపించాడు. అది ఈ కడపటి రోజుల గురించేనన్నాడు.

“పిల్లలు వద్దు. నాలుగు రోజులు ఓపిక పట్టు, ఆయన వచ్చాక మనకి ఏ లోటూ ఉండదు,” అన్నాడు.

ఆవిడ తలూపి, చార్టు గుడ్డకు అంచు కుట్టడం మొదలుపెట్టింది. ఆ నాలుగు రోజులు ఆవిడ జుట్టు నెరిసేదాకా సాగాయి. చుట్టుపక్కల ఎవరికి కాన్పైనా పసివాళ్ళకు నీళ్ళు పోసి, నిద్రపుచ్చి వచ్చేది ఆవిడే. ఆ ఇళ్ళ నుంచి తిరిగొచ్చిన రోజున మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు. బాబాయి దాన్ని అలసట అనుకునేవాడు.

ఒక ఆదివారం, చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు ఆ వాక్యమే తీశాడు.

“ఇశ్రాయేలంటే ఇప్పుడు నమ్మినవాళ్ళందరూ. తల్లులకు శ్రమ అన్నది దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట యెరూషలేము కూలిన నాటి మాట. పసిబిడ్డతో పరుగెత్తడం ఎంత కష్టమో అని ప్రభువు జాలిపడి అన్నాడు. ఇంకోలా చెప్పేవాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం ఇలా అర్థమైంది.”

బాబాయికి ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న వచ్చినవాడు తన చెట్టును వేళ్ళతో సహా పీకేస్తున్నాడు. ఇంటికి చేరేదాకా ఆ పాస్టరును ఉతికి ఆరేశాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆవిడ నెమ్మదిగా అడిగింది.

“ఏమండీ, అయితే ఆ మాట మనకి కాదా?”

ఆయన లోపలికి నడిచి బల్ల దగ్గర ఆగాడు.

“జాలితో అన్నాడంట,” అంది ఆవిడ. “మీరు చదివితే బెదిరించాడనుకున్నాను.”

బల్ల మీద సగం రంగు వేసిన చార్టు ఉంది. కూలుతున్న గోడల పక్క నుంచి ఒక ఆడమనిషి మూట పట్టుకుని పరుగెడుతోంది. ఎన్ని చార్టులు వేసినా ఆమె చేతిలో మూటే.

“మూట తీసేసి బిడ్డను వెయ్యండి.”

ఆయన కుంచె తీశాడు. ఆవిడ వంగి చూసి తల అడ్డంగా ఊపింది.

“ఇంత పసిగుడ్డుకి మెడ నిలవదండీ. తల కింద చెయ్యి ఉండాలి. ఇలా.”

ఎడమ చెయ్యి మడిచి చూపించింది. ఆ ఖాళీ చేతిని చూస్తుంటే తను ఈమె దగ్గర్నుంచి ఏం లాక్కున్నాడో ఆయనకు తెలిసింది. ఏడుపొచ్చింది. రంగు బొట్టు జారి గుడ్డ మీద పడింది.

“చెయ్యి దించకు,” అన్నాడు. “చూసి వేస్తాను.”

ఆవిడ దించలేదు.