రేకు మీద నాలుగు గళ్లు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం నరసరావుపేట బస్టాండులో కూర్చున్నాను. సర్క్యూట్ బోర్డు మీద టంకం ముద్ద పూయడానికి వాడే కంతల రేకు డ్రాయింగు ఒళ్లో ఉంది. వెడల్పాటి అడుగున్న ఒక కొత్త పార్టు కింద ముద్ద ఎక్కువై, కరిగినప్పుడు పార్టు ఒరిగిపోతోంది. ఆ రేకు గీయడం నా పని; అప్పటికే రెండుసార్లు తప్పు గీశాను. మూడోసారి తప్పితే ఉద్యోగం ఉండదు.

పత్తి బేళ్ల మీద రంగుతో పేర్లు వేసే కంతల రేకులు కోసే సాయిబు ఒకాయన పక్కనే ఉన్నాడు. "ఏందమ్మా అది?" అన్నాడు. చెప్పాను.

"అంత పెద్ద కంత పెడితే రంగైనా చానా దిగుద్దమ్మా. నాలుగు గళ్లు చెయ్యి. మధ్యన సన్న పట్టీలు ఉంచు," అంటూ కాగితం మీద గోటితో అడ్డంగా, నిలువుగా గీశాడు. ఇంతలో ఆయన బస్సు వచ్చింది.

ఆ గీతల మీదే పెన్సిల్ నడిపాను. అలా కోయించిన రేకుతో ఈసారి పార్టు ఒరగలేదు. మేనేజరు మెచ్చుకుని, డ్రాయింగు అడుగున తయారుచేసినవారి పేరు రాయమన్నాడు. నా పేరే రాశాను. ఆ సాయిబు పేరు నేను అడగనే లేదు.