తవుడు పోసి కొన్న పేరు

పోయిన శుక్రవారం ఉదయం మా పై అంతస్తు ఆంటీ ఆస్పత్రిలో చనిపోయారు. ఢిల్లీలోని పాలంలో పదిహేనేళ్ళుగా మా పొరుగు. సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఎవరో 'థర్డ్ ఫ్లోర్ వాలీ మద్రాసీ ఆంటీ నహీ రహీ' అని పెట్టారు, మూడో అంతస్తు మద్రాసీ ఆంటీ ఇక లేరని. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒకావిడ మాత్రం వారి పేరేమిటని అడిగింది. ఎవరూ జవాబివ్వలేదు. ఆమె చేతి అన్నం వందలసార్లు తిన్న నాకూ తెలియదు. ఢిల్లీలో ఒకసారి ఆంటీ అన్నామంటే ఇక పేరు అడిగే పనే ఉండదు.

ఆంటీది శ్రీకాకుళం వైపు. భర్త సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. ఎన్ని కంటోన్మెంట్లు తిరిగినా ఆమె హిందీ మాత్రం శ్రీకాకుళం దాటలేదు. "ఏటి భయ్యా, ఇత్నా మహెంగా దేతావేటి?" అని ధర మీద దబాయిస్తుంటే కూరగాయలవాడు నవ్వాపుకోలేక ఇంకో నాలుగు మిరపకాయలు వేసేవాడు.

నాకు మొదటి ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఒకడు పుట్టిన మూడో రోజున, రెండోది నలభయ్యో రోజున పోయారు. మూడోసారి పుట్టిన అమ్మాయిని ఇంటికి తెచ్చుకున్నాక, ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. పదకొండో రోజున ఆంటీ ఒక చేట, ఒక సంచి పట్టుకుని కిందికి వచ్చారు. సంచిలో తవుడు. వీధి చివర పిండిమర దగ్గర అడిగి తెచ్చారు.

"మావోళ్ళకైతే వరి తవుడే కావాల. ఈ ఢిల్లీలో ఎక్కడ దొరుకుద్ది? ఇది గోధుమ తవుడు. సావుకి అంత తేడా తెలీదులే."

పిల్లను చేటలో పడుకోబెట్టి మెట్ల కింద చెత్తడబ్బా పక్కన పెట్టించారు. ఊళ్ళో అయితే పెంటకుప్ప మీద పెడతారట. తనే వెళ్ళి ఎత్తుకొచ్చి, నా ఒళ్ళో తవుడు పోసి, "పిల్లని నాకిచ్చీసినట్టేనా?" అని మూడుసార్లు అడిగారు. రెండుసార్లు ఇచ్చేశానన్నాను. ఎంఎస్సీ చదివినదాన్ని, ఇదంతా ఉత్త తంతని తెలుసు. అయినా మూడోసారి ఆ మాట అనడానికి నాకు చాలాసేపు పట్టింది.

"ఈ గుంట ఇంక నాది. పేరు తవిటమ్మ. నువ్వు ఉత్తినే పాలిచ్చి సాకతన్నావు, అంతే. మా ఇంట్లో పిల్లలే లేరు కదా, సావు మా తలుపేపు సూడదు."

తర్వాత రోజూ పిల్లకు నూనె రాస్తూ ఆ పేరు సంగతులు చెప్పేవారు. ముందు పుట్టినవాళ్ళు పోతే, తర్వాతి బిడ్డను ఇలా తవుడుకు కొని ఈ పేరు పెడతారు. మగపిల్లాడైతే తవిటయ్య. పశువులకు వేసే తవుడుపాటి విలువ చేసే పిల్లను చావు మాత్రం ఏం చేసుకుంటుంది, వదిలేస్తుంది అన్నది ఆ పేరులోని ఆశ. ఆమె చిన్నప్పుడు వీధిలోకి ఒక్క కేక వేస్తే నలుగురు తవిటమ్మలు పలికేవారట. కొత్తవాళ్ళెవరైనా ఆ పేరు వింటే, "నీ ముందు ఎంతమంది పోనారు?" అని అడిగేవారట.

"ఇప్పుడెవులూ పెట్టట్లేదు. ఆస్పత్రులొచ్చీసినాయి, పిల్లలు బతుకుతన్నారు. పేరు పోతే పోనీ, మంచిదే కదా" అన్నారొకసారి.

బర్త్ సర్టిఫికెట్‌లో మేము ఆద్య అని రాయించాం. స్కూల్లో ఆ క్లాసులోనే మరో ముగ్గురు ఆద్యలు తేలారు. ఆంటీకి మాత్రం తవిటమ్మే. పొద్దున్నే పైనుంచి ఆ పిలుపు వినబడితే చాలు, మా పిల్ల మెట్లు పాకేది.

దాని నాలుగో పుట్టినరోజుకు సాకేత్‌లోని మా ఆఫీసువాళ్ళు వచ్చారు. కేకు కోసే వేళ ఆంటీ, "తవిటమ్మా, ఇలగొచ్చీ" అన్నారు. మా టీములోని హైదరాబాద్ అమ్మాయి పగలబడి నవ్వింది. "ఏం పేరది యార్! పనిమనిషి పేరు లెక్కుంది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పైకి వెళ్ళి, "ఆంటీ, ఇకమీదట పిల్లను ఆ పేరుతో పిలవకండి. వినడానికే అసహ్యంగా ఉంది" అన్నాను.

ఆమె గోంగూర వలుస్తున్నారు. తల ఎత్తకుండా "సరేలే అమ్మా" అన్నారు. ఆ తర్వాత పదేళ్ళూ 'పాపా' అనే పిలిచారు. పిల్ల ఆ పేరు మరిచిపోయింది. తవుడు సంగతి గానీ, తనకు ముందు పోయిన ఇద్దరి సంగతి గానీ నేను చెప్పలేదు. పెద్దయ్యాక చెప్పొచ్చులే అనుకున్నాను.

ఈ చలికాలం పొగకు ఆంటీకి న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. మంగళవారం అంకుల్ ఫోన్ చేసి, "తను పాపని అడుగుతోందమ్మా. వీలైతే ఒకపాలి తీసుకురా" అన్నారు. పరీక్షలున్నాయి, ఆదివారం వస్తామన్నాను. శుక్రవారమే వెళ్ళాల్సి వచ్చింది.

అంకుల్ చేతిలోంచి ఆస్పత్రి ఫైలు నేను అందుకున్నాను. పేషెంటు పేరు ఉండాల్సిన చోట తవిటమ్మ అని ఉంది. మళ్ళీ చదివాను.

"తన పేరేనమ్మా. తనకి ముందు ముగ్గురు పోనారు" అన్నారు అంకుల్.

పిల్లలు లేని మనిషి నా పిల్లకు తన పేరు పెట్టుకుంది. దాన్ని ఆమె ముందే నిలబడి అసహ్యమన్నాను. ఆమె ఒక్కసారైనా 'అది నా పేరేనమ్మా' అని ఉంటే నేను చచ్చేంత సిగ్గుపడేదాన్ని. అందుకే అనలేదేమో. ఆమె స్వభావం అది.

మంచం మీద దుప్పటి తీస్తున్న నర్సు జాలిగా మా వైపు తిరిగింది. "ఆంటీ దో దిన్ సే అప్నా హీ నామ్ పుకార్ రహీ థీ" అంది. రెండు రోజులుగా తన పేరు తనే పిలుచుకుంటూ ఉన్నారట. జ్వరం ముదిరితే అలా అవుతుందట.

పద్నాలుగేళ్ళ మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "మమ్మీ, ఆంటీ ఇత్నీ అకేలీ థీ క్యా?" అంది. అంత ఒంటరిగా ఉండేవారా అని.

కాదమ్మా, నిన్నే పిలిచారు అనాల్సింది. నాకు నోరు రాలేదు. ఈ రోజుకూ రాలేదు. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాను.

ఆంటీ చెప్పులు మంచం కింద ఒకటి ఇటు, ఒకటి అటు పడి ఉన్నాయి. మా అమ్మాయి మోకాళ్ళ మీద వంగి రెండూ బయటికి తీసింది. దుమ్ము చేత్తో తుడిచి, పక్కపక్కన పెట్టింది.