లెంపలేసుకుంటూ రాసిన పరీక్ష

ఆ రోజుల్లో మొగుడి వీసా పట్టుకుని ఇల్లినాయ్‌లోని షామ్‌బర్గ్ వచ్చిన ఆడవాళ్ళం మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో బిల్డింగుకి ఇద్దరు ముగ్గురం ఉండేవాళ్ళం. చదివిన చదువుని సూట్‌కేసులో పట్టుచీరల కింద దాచేసి, సాయంత్రమయ్యేసరికి కారు చప్పుడు కోసం చెవులు అప్పగించి కూర్చునే జాతి మాది. పార్టీల్లో ఎవరైనా కొత్తవాళ్ళు "మీరేం చేస్తుంటారండీ?" అని అడగబోతున్నట్టు అనిపిస్తే చాలు, నేను లేచి ప్లేట్లు సర్దడం మొదలుపెట్టేదాన్ని (అలా సర్ది సర్ది మంచి ఇల్లాలినని పేరు కూడా తెచ్చుకున్నాను). అలాంటిది, ఎన్నాళ్ళో ఎదురుచూశాక నా పేరున వర్క్ పర్మిట్ కార్డు పోస్టులో వచ్చింది. అందులో నా ఫొటో పోలీసు స్టేషన్‌లో తీసినట్టుంది. అయినా దాన్ని దేవుడి దగ్గర పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, రెండు రోజులు అక్కడే ఉంచాను.

ఉద్యోగం కోసం మరీ దూరం వెళ్ళక్కర్లేకపోయింది. మేం కూరలు కొనుక్కునే ఇండియన్ షాపు పక్కనే ఒక చిన్న ఇన్సూరెన్స్ ఆఫీసు ఉండేది. దాని యజమానిని మేమంతా పాలసీ అంకుల్ అనేవాళ్ళం. పుట్టినరోజు పార్టీలో కేకు కొయ్యకముందే ఆ పసివాడి తండ్రిని పక్కకి తీసుకెళ్ళి "లైఫ్ ఇన్సూరెన్స్ ఉందా బాబూ?" అని అడగగల మనిషి. ఆయన ఆఫీసులో కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉందని విని వెళ్ళి కలిశాను.

"చూడమ్మా, నీ బీకామ్ ఫస్ట్ క్లాసు నాకేం పనికిరాదు. స్టేట్ లైసెన్స్ కావాలి," అన్నారాయన. "లైఫ్ అండ్ హెల్త్ ఎగ్జామ్ రాసి రా. ఫస్ట్ అటెంప్ట్‌లో పాసయ్యావా, ఆ కుర్చీ నీది. ఫెయిలయితే మాత్రం వెయిట్ చెయ్యలేను, మా ఫ్రెండ్ కోడలు కూడా అడుగుతోంది. ఏమీ అనుకోకు."

అనుకోవడానికేముంది. ఆయన ఫోన్లో మాట్లాడుతూ అటు తిరగగానే నేను వెళ్ళి ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చుని చూశాను. కుర్చీ చెయ్యి ఒకటి కాస్త ఊగుతోంది, కానీ గుండ్రంగా బాగానే తిరుగుతోంది. ఎదురుగా పార్కింగ్ లాటూ, బండ్లలోంచి దిగి లోపలికి వచ్చే మనుషులూ కనిపిస్తున్నారు. వాళ్ళలో ఒకరు నా దగ్గరికే వస్తారు, నన్నేదో అడుగుతారు, నేను జవాబు చెప్తాను. ఇంత చిన్న సంగతి కోసం కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ కుర్చీ నాక్కావాలి, అంతే.

పుస్తకం తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను. చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో పైకి చదవకపోతే చదివినట్టు లెక్క కాదు. పక్కింటివాళ్ళకి కూడా పాఠం వచ్చేసేలా చదవాలి. పైగా ఇంగ్లీషులో చదివింది తెలుగులో ఒకసారి చెప్పుకుంటే తప్ప నా బుర్రకెక్కదు. అందుకని మొదటి రోజు పొద్దున్నే సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఎదురుగా ఎవరో స్టూడెంట్ ఉన్నట్టు గట్టిగా చెప్పుకోసాగాను. "భర్త పేరు మీద పాలసీ ఉంది. భర్త చనిపోయాడు. అప్పుడు భార్యకి డెత్ బెనిఫిట్ వస్తుంది."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఆర్నెల్లుందామని అప్పుడే మా దగ్గరికి వచ్చిన మా అత్తగారు గరిటె చేత్తోనే పట్టుకుని హాల్లోకి వచ్చారు.

"ఏవిటే అమ్మాయ్, పొద్దున్నే ఆ మాటలు? స్నానం కూడా చేసినట్టు లేవు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, తెలీదూ?"

"పాఠం అత్తయ్యా. లైఫ్ ఇన్సూరెన్స్ అంటే మరి అదే కదా."

"లైఫ్ అని పేరు పెట్టి చావు గురించి చెప్పడమేవిటీ?" అన్నారావిడ.

అలాగని చదవొద్దనలేదు. కోడలికి ఉద్యోగమొస్తే బావుండునని ఆవిడకీ ఉంది. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. "చదువుకో, నేనొద్దనను. కానీ అందులో ఎవరైనా పోయినప్పుడల్లా లెంపలేసుకో."

"పేజీకి ఇద్దరు ముగ్గురు పోతున్నారు అత్తయ్యా."

"మనిషికోసారి వేసుకో. దేవుడిచ్చిన చేతులు రెండున్నాయిగా."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, "వేసుకో, పోయేదేముంది," అన్నారు. "పుస్తకం ప్రకారం పోయేది మీరే," అన్నాను. అత్తగారు గరిటె పైకెత్తారు. ఆ పూటకి మొదటి లెంపలు అక్కడే వేసుకున్నాను.

ఆ తరవాత మా ఇంట్లో చదువు ఒక పద్ధతిలో పడింది. నేను సోఫాలో, ఆవిడ డైనింగ్ టేబుల్ పక్కన కింద కత్తిపీట వేసుకుని కూరలు తరుగుతూ. నేను చదవడం, ఎవరో పోవడం, రెండు చెంపల మీదా టపటపా వేసుకోవడం, మళ్ళీ చదవడం. ఒకవేళ నేను మర్చిపోతే ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తి, "ఆఁ, ఇందాక ఒకాయన పోయాడు," అని గుర్తుచేసేవారు. ఆ పుస్తకం రాసినవాళ్ళకి పేర్లు దొరకలేదో ఏమో, ఉదాహరణల్లో ఎప్పుడూ టామ్ అనేవాడే చచ్చిపోతుండేవాడు. ప్రీమియం కట్టడం మర్చిపోయి గడువు రోజుల్లో ఒకసారి, పాలసీ తీసుకునేటప్పుడు జబ్బు దాచిపెట్టి ఒకసారి, విమానంలో ఒకసారి. మూడోసారికి మా అత్తగారు నిజంగానే నొచ్చుకున్నారు.

"మొన్ననే కదే పోయాడు, మళ్ళీనా? ఆ పెళ్ళాం ఎన్నిసార్లని ఏడుస్తుంది పాపం."

యాక్సిడెంట్ పాలసీల పాఠం వచ్చిన రోజు, ఒక కన్ను పోతే సగం సొమ్మనీ, రెండూ పోతే మొత్తమనీ నేను బట్టీ పడుతుంటే, సొరకాయ తరుగుతున్న మనిషి కత్తిపీట మడిచి పక్కన పెట్టి, ఆ పూట పప్పు చాలులెమ్మన్నారు. కళ్ళకీ కాళ్ళకీ కూడా లెంపలేసుకోవాలా అని అడిగాను. పోయింది మనిషి కాదు గనక ఒక చెంప చాలన్నారు.

ఇక ఒక పాఠం మాత్రం నాకు ఎంతకీ కొరుకుడు పడలేదు. భర్త పేరున పాలసీ, సొమ్ము భార్యకి రావాలి. ఇద్దరూ ఒకే కారు ప్రమాదంలో పోయారు. ఎవరు ముందు పోయారో చెప్పడానికి సాక్ష్యం లేదు. అప్పుడు చట్టం ఎవరు ముందు పోయినట్టు లెక్కేసుకుంటుంది? నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ తప్పే చెప్పాను. నేను జుట్టు పీక్కోవడం చూసి అత్తగారు సంగతేమిటని అడిగారు. చెప్పాను.

"అందులో ఆలోచించేదేవుంది," అన్నారు బెండకాయ చివర తుంచుతూ. "ఆవిడే ముందు పోయుంటుంది. పసుపు కుంకుమలతో పోయుంటుంది, అదృష్టవంతురాలు."

వెనక పేజీ తిప్పి జవాబు చూశాను. అచ్చం అదే. భార్య ముందు పోయినట్టు లెక్కేసుకుని, సొమ్ము పాలసీలో ఆవిడ తరవాత పేరున్నవాళ్ళకి ఇస్తారట. ఇల్లినాయ్ చట్టం రాసిన పెద్దమనుషుల్లో మా అత్తగారి చుట్టాలెవరో ఉన్నారని నేను పడీ పడీ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. బెండకాయలు అలాగే వదిలేసి బాల్కనీలోకి వెళ్ళి, కింద పేరుకున్న మంచు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. మామగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నాకు ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

పరీక్ష రోజు అత్తగారు నా నెత్తిన దోసెడు అక్షింతలు వేశారు. మా ఆయన నన్ను సెంటర్ దగ్గర దింపి, కార్లోనే కూర్చుంటానన్నారు. లోపల జేబులు బయటికి తీయించారు, చొక్కా చేతులు పైకి మడిపించారు, కళ్ళజోడు అటూ ఇటూ తిప్పి చూశారు. అక్కడి ఉద్యోగిని, నెరిసిన జుట్టావిడ, నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పైన కెమెరా ఉందని చెప్పి వెళ్ళింది. నేను కొంచెం వంగగానే కీబోర్డు మీద నాలుగు పసుపు బియ్యపు గింజలు రాలాయి. మంచి శకునమే అనుకున్నాను.

ప్రశ్నలు తేలిగ్గానే ఉన్నాయి. పైకి చదవకూడదు గనక పెదవులు బిగించుకుని చదువుతున్నాను, టిక్కు పెడుతున్నాను, ముందుకు వెళ్తున్నాను. నోటి మీద ఉన్న జాగ్రత్త చేతుల మీద లేదన్న సంగతి నాకు తెలీదు. ఎన్నో వారాల అలవాటు మరి. ఇంతలో రానే వచ్చింది ఆ కారు ప్రమాదం ప్రశ్న. మా అత్తగారిని తలుచుకుని, భార్యే ముందు అని టిక్కు పెట్టి, ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడే నా భుజం మీద చెయ్యి పడింది. నెరిసిన జుట్టావిడ నన్ను బయటికి రమ్మంటోంది.

బయటి గదిలో ఆవిడ చాలా మర్యాదగానే అడిగింది.

"కెమెరాలో చూస్తున్నాను. మీరు మాటిమాటికీ చెంపలు కొట్టుకుంటున్నారు. ఇప్పుడైతే ఒకసారి కొట్టుకుని, ఆగి, మళ్ళీ కొట్టుకున్నారు. మీరు లోపల ఎవరికైనా సైగ చేస్తున్నారా?"

అప్పటిగ్గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. పరీక్ష ఆపేస్తే ఇంకేముంది, ఆ కుర్చీలో పాలసీ అంకుల్ ఫ్రెండ్ కోడలు గుండ్రంగా తిరుగుతూ కనిపించింది. అబద్ధం చెప్దామన్నా ఇంగ్లీషులో అంత తొందరగా అబద్ధాలు రావు నాకు.

"ప్రశ్నల్లో మనుషులు చనిపోతున్నారండీ," అన్నాను. "అలాంటి మాట అనుకున్నందుకు దేవుడికి క్షమాపణ చెప్తున్నాను."

"మరి రెండోసారి ఎందుకు?"

"అందులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయారు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నా జుట్టులో చిక్కుకున్న పసుపు బియ్యం కేసి చూసింది. ఆ తరవాత వేళ్ళు మడిచి, తన ముందున్న చెక్క బల్ల మీద టకటకా కొట్టింది. "మా అమ్మమ్మ దగ్గర ఎవరైనా అలాంటి మాటంటే, కీడు తగలకుండా ఇలా చెక్క మీద కొట్టేదాకా ఊరుకునేది కాదు," అని, "వెళ్ళి పూర్తిచెయ్యండి. మిగతా క్షమాపణలు మాత్రం మనసులో చెప్పుకోండి," అంది.

మిగతా పరీక్షంతా కుడిచెయ్యి మౌసు మీదా ఎడమచెయ్యి తొడ కిందా పెట్టుకుని రాశాను. ఎందరో పోయారు. ఎవరికీ ఏమీ చెయ్యలేకపోయాను. చివర్న కాగితం ప్రింటయ్యి వచ్చింది, పాస్ అని. నేను దాన్ని చేతిసంచీలో పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి కారెక్కి, ముందుగా బాకీ పడ్డ లెంపలన్నీ ఒక్క ఊపున వేసుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన కంగారుపడి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఏయ్, అలా కొట్టుకోకు. పోన్లే, మళ్ళీ రాయొచ్చు. ఆ కుర్చీ కాకపోతే ఇంకో కుర్చీ," అన్నారు. ఆ మనిషి గొంతు అంత మెత్తగా అంతకుముందు నేను వినలేదు. అందుకని పాసయ్యానన్న సంగతి రెండు సిగ్నళ్ళు దాటేవరకూ చెప్పలేదు.

ఆ సాయంత్రం అత్తగారు సేమ్యా పాయసం చేశారు. గిన్నె నా చేతికిచ్చి పక్కన కూర్చుని, "అయితే ఇంక ఆఫీసులో వచ్చినవాళ్ళకి కూడా ఈ మాటలే చెప్పాలా?" అన్నారు.

"తప్పదు అత్తయ్యా. మెల్లిగా చెప్తాను."

"వాళ్ళ ఆడవాళ్ళు చెప్పనిస్తారా?"

"మీలాంటివాళ్ళయితే చెప్పనివ్వరు," అన్నాను నవ్వుతూ.

ఆవిడ కొంగుతో చెంచా తుడిచారు. అది శుభ్రంగానే ఉంది. "మీ మావయ్యగారు ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు, వీధి గదిలో కూచుని, 'ఒకవేళ నాకేమన్నా అయితే' అన్నారే అమ్మాయ్. నేను గబుక్కున నోటికి చెయ్యడ్డం పెట్టాను. లెంపలేసుకోమన్నాను. పాపం, వేసుకున్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయనేం చెప్పబోయారో నాకు ఇప్పటికీ తెలీదు."

పాయసం గిన్నె పక్కన పెట్టాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు మాత్రం చెప్పేవాళ్ళని చెప్పనీ," అన్నారు. "లెంపలు తరవాతైనా వేసుకోవచ్చు."

ఆ కుర్చీలో నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను. ఊగే చెయ్యి ఊడిపోయింది, పాలసీ అంకుల్ రిటైరయ్యారు, ఆఫీసు నా చేతికి వచ్చింది. ఇప్పుడు మన తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళి నేను "ఒకవేళ" అనగానే, ఇల్లాలు టీ పెడతానంటూ లేస్తుంది. టీ అయ్యేదాకా నేనూ ఆగుతాను. ఆవిడ వచ్చి కూర్చున్నాక, ఆ ఇంటాయన్ని మాట పూర్తిగా చెప్పనిస్తాను. ఆ తరవాత నేనూ ఆవిడా కలిసి లెంపలేసుకుంటాం. ఆవిడ పిల్లలు, ఇక్కడ పుట్టినవాళ్ళు, మెట్ల మీంచి మమ్మల్ని వింతగా చూస్తుంటారు. నెత్తిన అక్షింతలతో కార్లో కూర్చుని బాకీ తీర్చుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి, బండి స్టార్ట్ చేశాక నాలో నేనే నవ్వుకుంటాను.

మొన్న అత్తగారు మళ్ళీ వచ్చారు. ఇప్పుడు కత్తిపీట ముందు కూర్చోలేరు, సోఫాలో కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తారు. తీస్తూ తీస్తూ, తలెత్తకుండానే, "ఒకవేళ నాకేమన్నా అయితే, అమ్మాయ్," అన్నారు. వేలమందికి ఆ మాట చెప్పినదాన్ని, నా చెయ్యి దానంతటదే ఆవిడ నోటికి అడ్డంగా లేచింది. సగంలో ఆపాను. కిందికి దించి ఒళ్ళో పెట్టుకున్నాను.

"చెప్పండి అత్తయ్యా," అన్నాను.

ఆ ఆకుపచ్చ పట్టుచీర నాదేననీ, పెద్దకోడలు అడిగినా ఇవ్వొద్దనీ చెప్పారు. తన ఫొటోని మామగారి ఫొటో పక్కన కాకుండా, ఎదురుగోడకి పెట్టమనీ, అలాగైతే ఆయన మొహం కనిపిస్తుంటుందనీ చెప్పారు. ఇంకా ఏమైనా ఉందా అని అడిగాను. అంతేనన్నారు. అప్పుడు ఇద్దరం లెంపలేసుకుని, మిగిలిన చిక్కుళ్ళు ముందుకు లాక్కున్నాం.