మా ఇంటి లెక్క పట్టేసిన మాస్టారు

మాస్టారు పోయారని చర్చి వాట్సాప్ గ్రూపులో చదివినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయ్యో అనుకోలేదు. మా ఇంటి సంగతి ఇక బయటికి రాదు అనుకున్నాను. ఆ తరువాత కూర్చుని ఏడ్చాను, కానీ వరస మాత్రం అదే. ఆయన్ని తలచుకుంటూ రాస్తున్నాను కాబట్టి ఈ మాట దాచడం బాగుండదు.

ఈ దేశంలో మేముండే వాన్ ఊళ్లోని మా తెలుగు చర్చిలో ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవాళ్లు. నరసాపురం దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఇక్కడికొచ్చాక ఇరవై ఏళ్లు వేర్‌హౌస్‌లో పనిచేసి రిటైరయ్యారు. రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి, పదకొండు, పన్నెండు గ్రేడుల పిల్లలకి శనివారం ఉదయం చర్చి బేస్‌మెంట్‌లో క్లాసు పెడతానన్నారు. ఉద్యోగం ఎలా వెతకాలి, జీతంతో వచ్చే పే స్టబ్ చీటీ ఎలా చదవాలి, అద్దె లీజులో ఏం చూసుకోవాలి, వచ్చిన జీతంతో నెల ఎలా గడపాలి, ఇవన్నీ చెబుతారట. ఫీజు లేదట.

ఫీజు లేదనగానే నాకు అనుమానం వచ్చింది. గ్రోసరీ స్టోర్లో "మీరు తెలుగువాళ్లా అండీ" అని పలకరించి, ఇంటికి టీకి పిలిచి, సమోసా చల్లారకముందే ల్యాప్‌టాప్ తెరిచి ఇన్సూరెన్స్ పాలసీ చూపించినవాళ్లని ఇద్దరిని చూశాను నేను. ఈయన కూడా ఏదో ఒక శనివారం ల్యాప్‌టాప్ తెరుస్తారని కాచుకున్నాను. మా అమ్మాయిని క్లాసులో కూర్చోబెట్టి, బేస్‌మెంట్ వంటగదిలో కప్పులు కడిగే వంకతో నెలరోజులు నేనూ వెళ్లాను. కడిగిన కప్పులే మళ్లీ కడిగాను.

ల్యాప్‌టాప్ రాలేదు. ఒక స్టీలు ఫ్లాస్కు, స్టోర్ల ఫ్లయర్లు, ప్రింటు తీసిన ఉద్యోగ ప్రకటనలు వచ్చేవి. ఒక శనివారం ఒక అమ్మాయి తనకి ఉద్యోగం దొరికిందని సంబరంగా చెప్పింది. యూనిఫామ్‌కి ముందుగా కొంత డిపాజిట్ పంపాలంది.

"ఉద్యోగం ఇచ్చేవాడు నిన్ను డబ్బెందుకు అడుగుతున్నాడమ్మా?" అన్నారు మాస్టారు.

"యూనిఫామ్ కోసం, అంకుల్. దే విల్ రిఫండ్ ఇట్."

"ఎప్పుడు?"

ఆ పిల్ల ఫోన్లో మళ్లీ చూసింది. "ఇట్ డజంట్ సే."

"వాళ్ల ఆఫీసెక్కడ?"

"దట్ ఆల్సో... ఇట్ డజంట్ సే."

మిగతా పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రోజు ఫ్లాస్కులోంచి మొదటి టీ ఆ పిల్లకే పోసి, తన కథ చెప్పారు. ఈ దేశం వచ్చిన మొదటి ఏడాదంతా ఆయన పే స్టబ్ చదవలేదట. ఒకసారి అందులో వెకేషన్ పే అని సెలవుల తాలూకు డబ్బు కనిపిస్తే, కంపెనీవాళ్లు పొరపాటున వేసేశారేమో, మళ్లీ అడుగుతారేమోనని భయపడి దాన్ని ముట్టుకోలేదట. "లెక్కల మాస్టారిని, నా జీతం లెక్క నేను చూసుకోలేదు" అని చెప్పి అప్పుడు నవ్వారు.

ఏ కాగితం చేతికిచ్చినా పిల్లల్ని ముందు ఒకటే అడిగేవారు, దీనివల్ల ఎవరికి లాభం అని. ఇప్పుడే సంతకం పెట్టమన్నవాడికి రేపు పెడతానని చెప్పమనేవారు. నాలాంటి మనిషే అని ముచ్చటపడ్డాను. ఇంత అనుమానమున్న మనిషి వెనక ఏదో ఉండే ఉంటుందని కూడా అనుకున్నాను. నా బుద్ధి అంతే.

పిల్లలచేత కాగితం మీద కాపురాలు పెట్టించారు. ఒక ఉద్యోగం ఎంచుకోవాలి, దాని జీతానికి సరిపడే అద్దె గది వెతకాలి, ఇంటి ఓనరుకి అందరి ముందూ స్పీకర్లో ఫోన్ చేసి వివరాలు అడగాలి. మా అమ్మాయి ఇంటికొచ్చి "వన్ బెడ్‌రూమ్ ఎంతో తెలుసా అమ్మా?" అని నన్ను నిలదీసింది, ఆ రేటు నేనే పెట్టినట్టు. తను వేసుకున్న బడ్జెట్‌లో సబ్బు లేదు, బస్సు పాస్ లేదు, చలికాలం బూట్లు లేవు. మాస్టారు ఒక్కొక్కటీ గుర్తు చేస్తుంటే ఆ గది చేజారిపోయిందట.

ఈ ఏడాది వసంతంలో పన్నెండో గ్రేడు పిల్లలకి ఆఖరి పని చెప్పారు. ఇంట్లో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి నెలకి ఎంత వస్తోందో, ఎంత పోతోందో అడగండి. నాకు చూపించొద్దు, మీరు తెలుసుకోండి, ఆ తరువాతే ఏ కాలేజీకి వెళ్లాలో తేల్చుకోండి అన్నారు.

మన ఇళ్లల్లో పిల్లలకి ఇవి చెప్పం. నువ్వు చదువుకో, మిగతాది మేం చూసుకుంటాం అంటాం. మా నాన్న నాతో అదే అన్నాడు. పైగా మా ఇంట్లో అప్పుడు చెప్పుకునే పరిస్థితి కూడా లేదు. మా ఆయనకి వేర్‌హౌస్‌లో షిఫ్టులు తగ్గాయి. చలికాలంలో ఇంటి అప్పు, అదే మోర్ట్‌గేజ్, కొత్త వడ్డీతో రెన్యూ అయి, నెల నెలా కట్టేది గుండె ఝల్లుమనేలా పెరిగింది. అమ్మాయికి రెండు యూనివర్సిటీల నుంచి ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చేది. రెండోది దూరం, అక్కడి హాస్టల్లో, రెసిడెన్స్ అంటారు, డబ్బు కట్టి ఉండాలి. తన మనసంతా రెండోదాని మీదే.

నేను పాత మోర్ట్‌గేజ్, పాత జీతం ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. పిల్ల బెంగపెట్టుకోకూడదనే అనుకోండి, కానీ అసలు భయం అది కాదు. మా చర్చిలో ఒక ఇంటి కష్టం ప్రార్థన మనవిగా ప్రయాణం చేస్తుంది. వాళ్ల కోసం ప్రార్థన చెయ్యండి అని ఒకరు ఇంకొకరి చెవిలో వేస్తారు, ఆదివారానికి అందరూ మన భుజం తడతారు. అమ్మాయి ద్వారా మాస్టారికి, మాస్టారి ద్వారా ఊరికి తెలుస్తుందని నా అనుమానం.

రెండు వారాల తరువాత చర్చి పార్కింగ్‌లో ఆయన నా కారు దగ్గరికి వచ్చారు.

"అమ్మా, మీ రెన్యూవల్ అయిపోయిందా?"

"దేనికండీ?"

"మాదీ మీదీ ఒకే ఏడాది కొన్న ఇళ్లు కదా. మాది అయింది, నడుం విరిగింది. నిన్న మీ అమ్మాయి మా మోర్ట్‌గేజ్ ఇంతే అంకుల్, వీ ఆర్ ఫైన్ అంది. అది పాత నంబరులా ఉందమ్మా."

"మా ఇంటి లెక్కలు మీకెందుకు మాస్టారూ?"

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆయన చుట్టూ చూసి, ఇంకా నెమ్మదిగా మాట్లాడారు.

"నాకొద్దమ్మా. నాకు చెప్పకండి. అమ్మాయికి చెప్పండి. ఆ నంబరు నమ్ముకునే రెసిడెన్స్‌కి వెళ్తానంటోంది. ఆఫర్ యాక్సెప్ట్ చేసే గడువు లోపల చెప్పెయ్యండి, చాలు."

ఆ తరువాతి శనివారం నుంచి అమ్మాయిని క్లాసుకి పంపలేదు. ఆదివారాలు ప్రార్థన మనవులు చదువుతుంటే ఒక్క మాటా వదలకుండా వినేదాన్ని. ఒకసారి "ఇబ్బందుల్లో ఉన్న ఒక కుటుంబం" అన్నారు. తీరా అది ఎవరిదో ఆపరేషన్. మాస్టారు మా ఆయనతో ఎప్పటిలాగే చెయ్యి కలిపేవారు. ఆ చెయ్యి ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకున్నారా అని చూసేదాన్ని.

అలా మూడు ఆదివారాలు గడిచాక ఆయన గుండెపోటుతో ఇంట్లోనే పోయారు. శనివారం భూస్థాపన. ఆఫర్ గడువు సోమవారం.

ఆ రోజు చర్చి నిండింది. రెండేళ్లలో ఆయన దగ్గర చదివిన పిల్లలు కొందరు పని మధ్యలోంచి వచ్చారు, మెడలో కంపెనీ కార్డులు తీయకుండానే. భోజనాల దగ్గర నేను ఆంటీ పక్కన చేరాను. ఆయన భార్య ఆవిడ. పరామర్శించడానికే వెళ్లానని చెప్పలేను.

"మాస్టారు మా ఇంటి గురించి ఏమైనా అన్నారా ఆంటీ?"

"మీ ఇంటి గురించా? లేదే. మీ అమ్మాయి క్లాసుకి రావడం లేదని రెండుసార్లు అనుకున్నారు. ఏమైందమ్మా?"

ఆవిడ కళ్లల్లోకి చూశాను. నిజంగానే తెలియదు. నలభై ఏళ్లు కలిసి బతికిన మనిషికి కూడా ఆయన చెప్పలేదు. అప్పుడు నాకు నా మీద అసహ్యం వేసింది. ఆయనకి ఒక్క మంచి మాట చెప్పకుండా పంపేశాను. ప్లేటులో అన్నం ముట్టకుండా ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నం అమ్మాయి డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి దూరపు యూనివర్సిటీ పేజీలోకి వెళ్లింది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"నీకు నేనిచ్చిన నంబరు పాతది. ఇప్పుడు చాలా పెరిగింది. నాన్నకి షిఫ్టులు కూడా తగ్గాయి."

"సిన్స్ వెన్?"

"చలికాలం నుంచి."

"సో యూ లైడ్."

"అవును."

కొత్త నంబరు చెప్పాను. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. తను ల్యాప్‌టాప్ సగం మూసి నన్నే చూసింది.

"హౌ డూ ఐ నో దిస్ వన్ ఈజ్ రియల్?" అంది. తరువాత తెలుగులో, మెల్లగా, "లెటర్ చూపించు అమ్మా" అంది.

తను ఎన్నడూ తెరవదని తెలుగు పాటల పుస్తకంలో పెట్టిన బ్యాంకు లెటర్ తెచ్చిచ్చాను. పై నుంచి ఒక్కొక్క లైనూ వేలు పెట్టి చదివింది. నేను తప్పు చేసినదానిలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చదివాక కాగితం వెనక్కి తిప్పి చూసింది, మళ్లీ ముందుకి తిప్పింది.

"పేజ్ వన్ ఆఫ్ టూ అని ఉంది. రెండోది ఏది?"

తను చెయ్యి చాచి అలాగే ఉంచింది. నేను లేచి, వేరే చోట దాచిన రెండో పేజీ తేవడానికి లోపలికి వెళ్లాను.